తుపాకి ఇచ్చే ముందు ఎవరిని అడగాలి?

1946 జులై 4. అప్పటి నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా, కడవెండి గ్రామం. రైతులు, కూలీలు, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు కర్రలు, వడిసెలలు పట్టుకుని నినాదాలిస్తూ ఊరేగింపుగా కదిలారు. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కుటుంబానికి చెందిన గడీ దగ్గరికి వచ్చేసరికి దొర మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆయన సోదరుడు మల్లయ్యకూ గాయమైంది. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడిని ఇచ్చిన ఊరిగా కడవెండి చరిత్రకెక్కింది.

ఆ రోజును తలచుకున్నప్పుడల్లా కొమరయ్య పేరు వస్తుంది, దొర పేరు వస్తుంది. తుపాకి సంగతి మాత్రం పక్కకు పోతుంది. అది ఆ గడీలో ఎందుకుంది? దాన్ని పట్టుకున్నవాళ్ల నడవడి ఎలాంటిదని ఎవరైనా వాకబు చేశారా? ఊరందరి చేతా వెట్టి చేయించుకుని, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను ఎత్తుకు రమ్మని గూండాలను తోలిన ఇంటికి ఆయుధం ఉండటం తగునా అని అడిగే దిక్కు ఆ ఊళ్లో ఉందా? లేదు. దొరతనమే లైసెన్సు. హోదా ఉన్నవాడి చేతికి తుపాకి అదంతటదే వచ్చేది, లేనివాడికి వడిసెల మిగిలేది.

తుపాకి కొనే మనిషి పూర్వాపరాలు విచారించాలా వద్దా అన్న చర్చను అమెరికా గొడవగా చూడటం మనకు అలవాటైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నిలబడి చూస్తే అది మన సొంత ప్రశ్న. మనిషి హోదా చూసి ఆయుధం ఇచ్చే రోజుల నుంచి, మనిషి నడవడి చూసి ఇచ్చే రోజులకు ఈ నేల చాలా నెత్తురు చిందించి చేరింది. ఆ విచారణ ఇప్పుడు ఎంత గట్టిగా జరుగుతోందన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. 1931లో కరాచీ కాంగ్రెస్ చేసిన తీర్మానంలో ఆ హక్కు ఉండటం ఆయన పక్షాన గట్టి ఆధారమే. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అందరికీ హక్కుగా రాసిస్తే దొంగలు, నేరగాళ్లు కూడా దాన్నే పట్టుకుని అడుగుతారన్నది ఆయన అభ్యంతరం.

ఆ చర్చకు దాదాపు మూడు నెలల ముందు, ఆగస్టు 27న, జనగామకు దగ్గర్లోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడ్డాయి. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరివాళ్లు బురుజు ఎక్కి, చేతికందిన నాటు తుపాకులతో ఎదురు నిలిచారు. చివరికి పదుల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రభుత్వమే జనం మీద పడినప్పుడు జనం చేతిలో తుపాకి ఉండొద్దా అని ఎవరైనా అడిగితే, బైరాన్‌పల్లి బురుజును చూసినవాళ్లు ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేరు. అయితే కడవెండి కూడా ఇక్కడే ఉంది. ఏ పరీక్షా లేని తుపాకి ముందుగా చేరింది బలహీనుడి చేతికి కాదు, బలవంతుడి గడీకి. ఆ రెండు ఊళ్లనూ కలిపి చూస్తే విచారణ వైపే మొగ్గు చూపక తప్పదు.

ఇప్పటి కట్టుబాట్లకు మూలం 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం. 21 ఏళ్లు నిండనివాళ్లకు, మతిస్థిమితం లేనివాళ్లకు, శాంతికి భంగం కలిగించబోమని పూచీకత్తు రాసిచ్చి ఆ గడువులో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. హింసాత్మక నేరంలో శిక్ష పడినవాళ్లకు శిక్ష పూర్తయ్యాక ఐదేళ్ల దాకా ఇవ్వకూడదు. 2016 నాటి నిబంధనలు వైద్యుడి ధ్రువపత్రాన్ని, ఆయుధం వాడకంలో శిక్షణను కూడా కలిపాయి. 2019 డిసెంబరు సవరణతో ఒక మనిషికి ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఈ రెండో మార్పు అప్పట్లో ఎవరి కంటా పడలేదు, దాని సంగతి ముందుముందు వస్తుంది.

దరఖాస్తు పడ్డాక అది సంబంధిత పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది. అక్కడి అధికారి విచారించి రిపోర్టు పంపాలి. జనం నోట్లో దీని పేరు ఎంక్వయిరీ. పాస్‌పోర్టు ఎంక్వయిరీ చూసినవాళ్లకు తంతు తెలిసిందే. కానిస్టేబుల్ వస్తాడు, ఆధార్ చూస్తాడు, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు తీసుకుంటాడు. స్టేషన్ కంప్యూటర్లో పేరు కొట్టి కేసులున్నాయా అని చూస్తారు. తుపాకి విషయంలో ఇంకొంచెం లోతుగా, ఎందుకు కావాలి, ప్రాణభయం ఎవరి నుంచి అన్నదీ అడుగుతారు. మనిషి ప్రాణం తీయగల వస్తువు మీద నిర్ణయం చాలావరకు ఆ రిపోర్టులోని నాలుగు వాక్యాల మీదే నిలబడుతుంది.

చట్టంలో ఒక సందు కూడా ఉంది. గడువులోగా పోలీసు రిపోర్టు రాకపోతే, అధికారి దానికోసం ఆగకుండా నిర్ణయం తీసుకోవచ్చని 13వ సెక్షన్ అంటుంది. పోలీసు వెరిఫికేషన్ లేకుండా లైసెన్సు ఇవ్వొద్దని 2010లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో ఇలాంటి సందే తొమ్మిది ప్రాణాలు తీసింది. అక్కడ దుకాణంలో తుపాకి కొనేవాడి వివరాలను 1998 నుంచి ఎఫ్‌బీఐ కంప్యూటర్ వ్యవస్థ పరిశీలిస్తోంది. మూడు పనిదినాల్లో జవాబు తేలకపోతే దుకాణదారు అమ్మేయవచ్చు. 2015 జూన్ 17న చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని కాల్చి చంపిన యువకుడి చేతికి తుపాకి చేరింది ఆ మూడు రోజులు దాటిపోవడం వల్లే.

మన మూడు జిల్లాల్లో లైసెన్సు ఇచ్చే చెయ్యి ఒకటి కాదు. 2016 అక్టోబరు 11న మూడూ ఒకేరోజు జిల్లాలయ్యాయి. కానీ జనగామ వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలో ఉంది. కమిషనర్ ఉన్నచోట జిల్లా మేజిస్ట్రేట్ అధికారం కమిషనర్‌దేనని ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లోనే రాశారు. మహబూబాబాద్, భూపాలపల్లిలో అలా కాదు. ఎస్పీ కింది యంత్రాంగం విచారిస్తుంది, కలెక్టర్ నిర్ణయిస్తారు. అంటే పాలకుర్తి రైతు విషయంలో విచారించేదీ పోలీసులే, ఇచ్చేదీ పోలీసులే. మహాముత్తారం రైతు విషయంలో పోలీసు రాసిన కాగితాన్ని ఇంకో శాఖ అధికారి చదివి, ఎందుకని తిరిగి అడిగే వీలుంది. ఆ రెండో చూపు చాలా విలువైనది. కమిషనరేట్లు పెరిగేకొద్దీ అది పోతోంది, దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు.

విచారణ సక్రమంగా జరిగిందనుకుందాం. కంప్యూటర్లో కేసు లేదు, ఇరుగుపొరుగు మంచివాడన్నారు. అది చాలునా? మన ఊళ్లలో గొడవలు ఎక్కడ తెగుతాయో గుర్తుకు తెచ్చుకుంటే చాలదని తెలుస్తుంది. గట్టు తగాదాలో తల పగిలినా పెద్దమనుషుల పంచాయితీలో కూర్చోబెట్టి, ఖర్చులిప్పించి రాజీ చేస్తారు. తాగొచ్చి భార్యను కొట్టినవాడి మీద కేసు పెట్టొద్దని పుట్టింటివాళ్లే నచ్చజెబుతారు. స్టేషన్ దాకా వెళ్లిన కేసులో సగం లోక్ అదాలత్ మెట్ల మీదే ముగుస్తుందన్నట్టు ఉంటుంది జనం మాట. ఇవేవీ ఏ కంప్యూటర్లోకీ ఎక్కవు. ఎక్కినవాడి కంటే ఎక్కనివాడే ఊళ్లో పరపతి గలవాడు. హోదా మళ్లీ దొడ్డిదారిన వచ్చి కూర్చునేది ఇక్కడే.

కెనడాలో లైసెన్సుకు దరఖాస్తు చేసేవాడి ప్రస్తుత జీవిత భాగస్వామితో పాటు, గత రెండేళ్లలో విడిపోయిన భాగస్వామి సంతకం కూడా అడుగుతారు. సంతకం పెట్టకపోతే అధికారులు స్వయంగా వాళ్లకు కబురు పంపుతారు. మన ఎంక్వయిరీలో అరుగు మీది మగవాళ్ల సాక్ష్యానికున్న విలువ వంటింట్లోని మనిషి సాక్ష్యానికి లేదు. ఆ తుపాకి ఉండబోయేది ఆమె పడుకునే గదిలోని బీరువాలో. భర్త ఎదురుగా కాకుండా, మహిళా కానిస్టేబుల్ ఒకరు వెళ్లి ఆమెను విడిగా ఓ పావుగంట అడిగితే నాలుగు వాక్యాల రిపోర్టు వేరేగా ఉండొచ్చు.

ఇక లైసెన్సు చేతికొచ్చాక జరిగేదేమిటో ఆదిలాబాద్ చూపించింది. 2020 డిసెంబరు 18న తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పెద్దల దాకా వచ్చింది. పాత రాజకీయ కక్షలు తోడయ్యాయి. మున్సిపాలిటీ మాజీ వైస్ చైర్మన్ ఒకరు లైసెన్సున్న తన తుపాకితో పట్టపగలు వీధిలో కాల్చారు. ముగ్గురు గాయపడ్డారు, వాళ్లలో ఒకరు నిమ్స్‌లో చికిత్స పొందుతూ చనిపోయారు. 2022లో కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. కాల్పుల తర్వాత లైసెన్సు రద్దు చేశారు. అది నాటు తుపాకి కాదు, దొంగ తుపాకి కాదు. కాగితాలన్నీ ఉన్న తుపాకి.

ఐదేళ్ల గడువు సంగతి ఇక్కడ వస్తుంది. ఐదేళ్లలో మనిషికి ఏమేమి కావొచ్చు! అప్పులపాలు కావొచ్చు, తాగుడు ముదరొచ్చు, అన్నదమ్ములతో భూమి తగాదా పడొచ్చు, మానసిక జబ్బు రావొచ్చు. హైదరాబాద్-వరంగల్ రోడ్డు వెంట భూమి ధరలు పెరిగినకొద్దీ జనగామ చుట్టుపక్కల రక్తసంబంధాలు ఎలా తెగిపోతున్నాయో అక్కడి కోర్టు ఆవరణలో ఓ పూట నిలబడితే కనిపిస్తుంది. లైసెన్సు ఇచ్చిన రోజు మంచివాడైన మనిషి నాలుగో ఏట కూడా మంచివాడేనన్న పూచీ ఎవరిది?

విచారణకు చిక్కని మనిషి ఏం చేయగలడో అమెరికాలోనూ చూశాం. అలెన్ పేరు తెలుగువాళ్లు మరిచిపోలేదు. 2023 మే 6న టెక్సస్‌లోని ఆ పట్టణంలో ఓ షాపింగ్ మాల్‌లో దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వాళ్లలో ఓ తెలుగు ఇంజినీరు ఉంది. రంగారెడ్డి జిల్లా కోర్టులో న్యాయమూర్తిగా ఉన్న తండ్రికి ఆ వార్త ఇక్కడ అందింది. కాల్చినవాడిని 2008లో సైన్యంలో చేరిన మూడు నెలలకే ఆరోగ్య కారణాలు చూపి పంపించేశారు. అది నేరం కాదు కాబట్టి తుపాకి కొనుగోలు విచారణకు అడ్డు రాలేదు. వాడు తుపాకులన్నీ చట్టబద్ధంగానే కొన్నాడు. అంతకుముందు 2018 జులైలో కాన్సస్ సిటీలో ఓ హోటల్లో పనిచేస్తున్న వరంగల్ విద్యార్థి దోపిడీకి వచ్చినవాడి తూటాకు బలయ్యాడు. 2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్‌కు చెందిన 23 ఏళ్ల విద్యార్థి తన పుట్టినరోజునాడే, కొనుక్కున్న వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. విద్యార్థి వీసా మీద వెళ్లిన పిల్లలకు తుపాకి ఎలా వస్తుందని ఇక్కడి తల్లిదండ్రులు నిర్ఘాంతపోయారు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు అక్కడ తుపాకి అమ్మకూడదు. అయితే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. పిల్లలను పంపే ప్రతి ఇంట్లో ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇళ్లలో తుపాకులు దాదాపు 39 కోట్లున్న దేశం అమెరికా. దానితో పోల్చుకుని మనం నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. మన దగ్గర విచారణ ద్వారం గుండా వచ్చే తుపాకుల కంటే గోడ దూకి వచ్చేవే ఎక్కువ. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2016లో దేశంలో 37,116 తుపాకులు పట్టుబడితే వాటిలో లైసెన్సున్నవి, ఫ్యాక్టరీలో తయారైనవి 1,052 మాత్రమే. మిగతావన్నీ నాటువి, లైసెన్సు లేనివి. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లను చంపడానికి వాడిన ఆయుధాలు బిహార్ నుంచి తెచ్చినవని పోలీసులు తేల్చారు.

మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం, గూడూరు అడవుల్లో, భూపాలపల్లి జిల్లాలోని పలిమెల, మహదేవపూర్ వైపు నాటు తుపాకి అంటే వేరే కథ. బిహార్ పిస్టల్‌లా అది హత్య కోసం కొన్నది కాదు, చాలాసార్లు తాతల నాటిది. గొట్టంలో ముందు నుంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టించి, ఒక్కో దెబ్బకూ మళ్లీ మొదటికి రావాల్సిన తుపాకి. దానిమీద నంబరు ఉండదు. ఎవరి చేతులు మారిందో చెప్పే పుస్తకం ఉండదు. లైసెన్సు లేకుండా పట్టుబడితే ఇప్పుడు రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

కానీ అదే చట్టం 13వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే ఇలా మందు దట్టించే తుపాకికి రైతుకు లైసెన్సు ఇవ్వాలి. అడవి అంచున ఉన్న ఊళ్లలో ఈ సంగతి తెలిసిన రైతు అరుదు. తెలిసినా దరఖాస్తు, వైద్య ధ్రువపత్రం, శిక్షణ, కలెక్టరేట్ చుట్టూ తిరగడం కూలిపని మానుకుని చేయగలిగినవి కావు. అడవిపందులు మాత్రం మొక్కజొన్నను వదలవు. దాంతో పొలం చుట్టూ కరెంటు తీగలు లేస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. తీగకు విచారణ లేదు, శిక్షణ లేదు, దాన్ని పట్టుకున్నవాడెవడో తెలిపే లైసెన్సూ లేదు.

కాబట్టి విచారణ కఠినంగా ఉండాలని కోరేవాళ్లు అది పేదవాడికి అందేలా ఉండాలని కూడా కోరాలి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గ్రామసభ పెట్టిన రోజునే పోలీసు, రెవెన్యూ, అటవీ సిబ్బంది కలిసి కూర్చుని దరఖాస్తులు తీసుకోవచ్చు. ఎవరి చేతికి తుపాకి ఇవ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో గూడెం పెద్దలకు, ముఖ్యంగా అక్కడి ఆడవాళ్లకు తెలిసినంత ఏ కంప్యూటర్‌కూ తెలియదు. పది పొలాలకు కలిపి శిక్షణ పొందిన ఒక మనిషికి లైసెన్సు ఇస్తే పది ఇళ్లలో పది తుపాకులు ఉండాల్సిన పని లేదు.

లైసెన్సు తుపాకి దారి తప్పడమన్నది ఈ జిల్లాలకు కొత్త కాదు. 1980లో పీపుల్స్‌వార్ పుట్టాక వరంగల్ పల్లెల్లో భూస్వాముల ఇళ్లలోని తుపాకులను దళాలు ఎత్తుకెళ్లాయి. కొందరు భయపడి ముందే స్టేషన్‌లో అప్పగించారు. ఇంట్లో రక్షణ కోసం పెట్టుకున్న ఆయుధమే ఇంటిమీదికి దాడిని తెచ్చింది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగినప్పుడు ఊళ్లలో ఆయుధాలతో తిరగొచ్చా అన్నదే పెద్ద పీటముడి. ఆ చర్చలు విఫలమయ్యాక ఎన్ని ప్రాణాలు పోయాయో భూపాలపల్లి, ఏటూరునాగారం అడవులకు తెలుసు.

ఇతర రాష్ట్రాల అనుభవం ఇంకో హెచ్చరిక. 2016 చివరికి దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. 2012-16 మధ్య జమ్మూకశ్మీర్‌లో జారీ అయిన 2.78 లక్షల లైసెన్సుల్లో అనర్హుల చేతికి చేరినవి ఎన్నో తేల్చేందుకు సీబీఐ దిగింది. ఊరు పేరు తెలియని మనిషికి ఎక్కడో కూర్చుని సంతకం పెడితే విచారణ అన్న మాటకు అర్థమే లేదు. ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ప్రత్యేక నంబరు ఉండాలన్న నిబంధన ఇప్పుడు ఉంది. బ్యాంకు గేటు దగ్గర డబుల్ బారెల్ పట్టుకుని నిలబడే మాజీ సైనికుడికి ఆ లైసెన్సే బతుకుదెరువు. దొంగ లైసెన్సుల మూలంగా ఆయన్నీ అనుమానంగా చూడాల్సి రావడం అన్యాయం.

విచారణను ఐదేళ్లకోసారి కాకుండా మధ్యమధ్యలో కూడా చేయడానికి మన దగ్గర ఒక సందర్భం ఎటూ ఉండనే ఉంది. ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ చాలామంది లైసెన్సుదారులు తుపాకులు తెచ్చి స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు. పంచాయతీ, పరిషత్తు, మున్సిపల్, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలన్నీ కలిపితే ఐదేళ్లలో తుపాకులు చాలాసార్లే స్టేషన్ గడప తొక్కుతాయి. ఫలితాలొచ్చాక రసీదు చూపించి తీసుకెళ్తారు. తిరిగి ఇచ్చే ముందు, గడిచిన ఏడాదిలో ఆ మనిషి మీద పడిన కేసులు చూడాలి. డాక్టరు దగ్గర కొత్త ధ్రువపత్రం తెమ్మనాలి, ఇంట్లోవాళ్లను ఓసారి విడిగా అడగాలి. తేడా కనిపిస్తే లైసెన్సును సస్పెండ్ చేసే అధికారం, రద్దు చేసే అధికారం 17వ సెక్షన్ ఇప్పటికే ఇచ్చింది. కారణాలు రాసి ఇవ్వాలి, కాదంటే 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఇందుకు ఢిల్లీలో కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లు, వరంగల్ కమిషనర్ తమ పరిధిలో వచ్చే ఎన్నికల డిపాజిట్ నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.